దొప్పలో ఎర్ర గింజ

కాఫల్‌డాండా వాలు ఎలాంటిదంటే, అక్కడ గుమ్మడికాయ తీగ తెగి దొర్లిందంటే దాన్ని వెనక్కి తెచ్చుకోవడమంటూ ఉండదు. ఇంటావిడ కొడవలీ ఉప్పూ కారమూ పట్టుకుని నది దాకా దిగి, కాయ ఆగినచోటే మూడు రాళ్ళు పెట్టి, వండి, తిని, పొద్దుగూకేలోపు పైకి ఎక్కుతుంది. మా కోళ్ళకి కొండవైపు కాలు పొట్టి, నదివైపు కాలు పొడుగు. ఇలాంటి చోట పుట్టే బిడ్డని ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోకపోతే సరాసరి వెళ్ళి రాప్తీ నదిలో తేలుతుందని సుంతలి చెప్పేది. ఆ పట్టుకునే చేతులు తనవేనని కూడా చెప్పేది. ఎవరూ అడగక్కర్లేదు.

సుంతలి పదహారో ఏట ఈ కొండకి కోడలిగా వచ్చింది. పుట్టిల్లు దూరం కాదు, దిగువ వాడలోనే. అత్తగారు మంత్రసాని. ఒకసారి అత్తగారు జ్వరంతో మూలుగుతుండగా పక్కింటి నుంచి కబురొస్తే, నీళ్ళు కాచి పెట్టడానికని కోడల్ని పంపారు. నీళ్ళు కాగేలోపే కోడలు కాన్పు చేసి వచ్చింది. ఆ మర్నాటి నుంచి అత్తగారికి పనిలేకుండా పోయిందనీ, జ్వరం తగ్గినా ఆవిడ సిగ్గుతో లేవలేదనీ సుంతలి కథనం. అత్తగారు ఆ తర్వాత పదేళ్ళపాటు కాన్పులు చేశారని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా కథ సుంతలిదే నిలిచింది, చెప్పే తీరు అలాంటిది మరి.

ఆమె కథలకి కొదవ లేదు. ఒక ఇంట్లో బిడ్డ ఎంతకీ బయటికి రానంటే, గడప దగ్గర కూర్చుని మొక్కజొన్నలు వేయించిందట. ఆ వాసనకి పిల్లాడు తల బయటపెట్టాడు. ఇంకో బిడ్డ కాళ్ళు ముందుకు పెట్టి వస్తుంటే, "పెద్దవాళ్ళ ముందుకి ఇలాగేనా రావడం?" అని కసిరిందట, బిడ్డ సిగ్గుపడి తిరిగింది. అన్నిటికంటే పెద్ద కథ వేలాడే వంతెన మీది కాన్పు. గాలికి వంతెన ఊగిపోతుంటే సుంతలి ఒక చేత్తో ఇనుప తాడు పట్టుకుని, ఒక చేత్తో తల్లిని పట్టుకుని, ఒక చేత్తో బిడ్డని పట్టిందట. మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగినవాడికి కాఫల్‌డాండాలో మళ్ళీ ఎవరూ టీ ఇవ్వరు.

ఒక్క కాన్పు కథ మాత్రం సుంతలి ఎక్కడా చెప్పదు. అది తన తోడికోడలు మెందోది.

మెందో సుంతలి చిన్న మరిది భార్య. వయసులో కూతురిలాంటిది. లోయలో ఎనిమిదో తరగతి దాకా చదివి వచ్చింది. మాఘమాసపు మంచులో ఆమెకి తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. మా కొండమీద పద్ధతి ఏమిటంటే, బిడ్డ నేలమీద పడ్డాక మాయ కూడా పడాలి. అది పడేదాకా బిడ్డని ఎవరూ తాకకూడదు. గడ్డిమీద అలాగే ఉండాలి. ముందే ముట్టుకుంటే మాయ అలిగి పైకెక్కిపోతుందనీ, తల్లి దక్కదనీ భయం. ఆ రోజు మాయ చాలాసేపటికి గాని పడలేదు. సుంతలి చేతులు తల్లి కడుపు మీదే ఉన్నాయి. గడ్డిమీది పిల్ల నీలంగా మారి, చల్లబడి, ఊరుకుంది. ఆ పిల్ల ఆయుష్షు అంతేనన్నారు అందరూ. సుంతలి కూడా అదే అంది.

ఇక చేతులు కడగడం సంగతి. బిడ్డ పుట్టిన మూడో రోజున లామా వచ్చి పేరు పెడతాడు. దానికి ముందు, బిడ్డని నేలమీంచి మొదట ఎత్తినావిడ చేతులు ఆ ఇంటి పెద్దావిడ నలుగురిలోనూ కడగాలి. ఇత్తడి చెంబుతో గోరువెచ్చని నీళ్ళు, చివర రెండు చుక్కల ఆవనూనె, ఆ తర్వాత కోడి తొడ, గిన్నెడు రాగి జాండ్. కల్లులా నురుగు కక్కే ఆ జాండ్ కోసమే మగవాళ్ళు కాన్పులు కోరుకుంటారని అంటారు గాని, సుంతలికి కావలసింది ఆ నీళ్ళు. ఆ కాసేపూ కొండ మొత్తం తన చేతుల వైపే చూస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరు ఎంత భూమి కొన్నా, ఎవరి కొడుకు మలేషియా నుంచి టీవీ పంపినా సుంతలికి అసూయ పుట్టలేదు. వాళ్ళ చేతులు వాళ్ళే కడుక్కుంటారు కదా అనుకునేది.

ఆ అసూయ మెందోతో మొదలైంది.

దిగువ బజారులోని ఆరోగ్య చౌకీ వాళ్ళు కొండకొక సేవికని పెడతామన్నారు. జీతం లేదు. అంచున్న నీలం చీర, మందుల సంచి, ఇంటి గోడకి ఒక రేకు బోర్డు, అప్పుడప్పుడూ బజారులో శిక్షణ. చూలాళ్ళని ఇంటింటికీ తిరిగి చూడాలి, బాలింతల దగ్గరికి వెళ్ళాలి, బిడ్డ ఒళ్ళు చల్లబడిందో వెచ్చగా ఉందో చూడాలి, తేడా ఉంటే కిందికి పంపాలి. ఎవరిని పెట్టాలో తల్లుల సంఘమే తేల్చుకోవాలన్నారు. సంఘంలో రెండు పేర్లు లేచాయి. సుంతలి, మెందో. సుంతలికి నవ్వొచ్చింది. ముందురోజే కోడిని గంప కింద పెట్టి ఉంచింది, నీలం చీర రాగానే కోద్దామని.

ఎన్నిక మావాళ్ళు ఎప్పుడూ చేసే పద్ధతిలోనే జరిగింది. తలుపు వెనక రెండు ఆకు దొప్పలు పెట్టారు. మెందో దొప్పకి బంతిపువ్వు గుచ్చారు, సుంతలి దొప్పకి ఎర్ర దారం చుట్టారు. ఒక్కొక్కరే ఇంటి నుంచి తెచ్చుకున్న మొక్కజొన్న గింజని లోపలికి పట్టుకెళ్ళి వేసి రావాలి. సుంతలి కూడా వెళ్ళింది. తలుపు వెనక నిలబడి ఆలోచించింది. తను ఎలాగూ గెలుస్తుంది. తన గింజ తన దొప్పలోనే వేసుకుంటే అందులో గొప్పేముంది? పాపం ఆ పిల్ల దొప్పలో అసలేమైనా ఉంటుందా? రేపు "నా గింజ కూడా నీకే వేశానే, అయినా చూడు" అని భుజం తట్టచ్చు. వేసేసింది, బంతిపువ్వున్న దొప్పలో.

బజారు నుంచి వచ్చిన కార్యకర్త పిల్ల గింజలు లెక్కపెట్టింది. ఒక్క గింజ తేడాతో మెందో గెలిచింది.

సుంతలి ఇంటికెళ్ళి గంప ఎత్తి కోడిని వదిలేసింది. ఆ కోడి తర్వాత ముసలిదై చచ్చింది, దాన్ని కోసే శుభకార్యం ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. తన గింజ సంగతి మొగుడు పసాంగ్‌కి కూడా చెప్పలేదు. ఓడిపోవడం ఒక ఎత్తు, తనని తానే ఓడించుకున్నానని చెప్పుకోవడం ఒక ఎత్తు.

ఇక చూడాలి ఆమె కడుపుమంట. తీగమీద నీలం చీర ఆరేస్తే తన ముంగిలి నుంచి కనబడుతుందని, పశువుల గడ్డి అంతా తెచ్చి ఆ వైపు గోడలా పేర్చింది. గడ్డి అయిపోయాక మళ్ళీ కనబడింది. గోడకి కొట్టిన రేకు బోర్డు ఎండకి మెరిసి కళ్ళలో పొడుస్తోందని మరిదితో తగువేసుకుంది. ఇల్లు అటు తిప్పి కట్టుకోమని సలహా ఇచ్చింది. మెందో భుజానికి వేలాడే సంచిలో అటుకులు తప్ప ఏమీ ఉండవని ఊరంతా ప్రచారం చేసింది. మెందో ఏ ఇంటికి వెళ్తే గంట తర్వాత ఆ ఇంటికి వెళ్ళేది. ఏదో మాటల్లో పెట్టి, మెందోకి పాలు పోసిన టీ ఇచ్చారా, ఉప్పు టీ ఇచ్చారా అని కూపీ లాగేది. పాల టీ ఇచ్చిన ఇంటికి నెలరోజులు తొంగిచూసేది కాదు.

మెందో చెప్పే మాటలేమో చిన్నచిన్నవి. పుట్టిన రోజే బిడ్డకి స్నానం వద్దు. పొడిగుడ్డతో తుడిచి తల్లి ఒంటికి ఆనించి ఉంచండి. బొడ్డుకి పసుపూ బూడిదా వద్దు, ఈ గొట్టంలో మందు రాయండి. మొదటి పాలు పారబోయకండి. ఆడవాళ్ళు వినేవారు. వినడమే కాదు, నొప్పులు మొదలవగానే దిగువ బజారులో కాన్పుల గదికి బయల్దేరేవారు. డోకో బుట్టకి ఒక పక్క కోసి, అందులో కంబళి పరిచి, చూలాలిని కూర్చోబెట్టి, నుదుటికి పట్టీ తగిలించుకుని మొగుడు మోసుకెళ్ళేవాడు. మూడో రోజు చేతులు కడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. నర్సమ్మ తన చేతులు తనే కొళాయి కింద కడుక్కుంటుంది కదా. సుంతలి అరచేతులు చూసుకుని, ఎండిపోయి పగుళ్ళు పడుతున్నాయని అనుకునేది. అవి చలికి పగిలినవని పసాంగ్ అంటే, రెండు రోజులు అతనికి సంకటిలాంటి ధిడో ముద్ద మాడ్చి పెట్టింది.

అప్పుడు ఆమె ఒక్కగానొక్క కూతురు చమేలి నీళ్ళోసుకుంది.

చమేలిని సుంతలి తన అన్న కొడుకు బుద్ధిమాన్‌కే ఇచ్చింది. మేనరికం. అంటే ఈ కాన్పు జరగబోయేది సుంతలి పుట్టింట్లో. మూడో రోజున ఇత్తడి చెంబు పట్టుకునేది ఆమె వదిన డోల్మా. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఎకసెక్కాల లెక్క తేలనే లేదు. ఆ డోల్మా వంగి తన చేతులు కడగాలి, తన తొలి మనవడి పేరున, పుట్టింటి ముంగిట్లో. కాన్పుల గదికి పోయినవాళ్ళంతా పోనీ. ఈ ఒక్కటి తనకి దక్కితే చాలనుకుంది సుంతలి. నెలలు నిండేకొద్దీ అదే ధ్యాస. కూతురికి ఏం పెట్టినా, ఏం మోసుకెళ్ళినా ఆఖరికి అక్కడికే వచ్చేది.

"బజారుకి ఎందుకే, నేనుండగా," అంది ఒకసారి.

"పిన్ని వెళ్ళమంది," అంది చమేలి గోళ్ళు గిల్లుకుంటూ.

"పిన్ని నిన్ను కన్నదా, నేను కన్నానా?"

"కన్నావు, సరే. నన్ను ఎత్తింది కూడా నువ్వేనా?"

చమేలిని ఎత్తింది సుంతలి అత్తగారు. ఆ పది సంవత్సరాల్లో ఆవిడ చేసిన కాన్పుల్లో అదొకటి.

ఆషాఢంలో వాన పట్టుకుంది. రాగి నాట్లు, మా మాటలో కోదు నాట్లు, అవుతున్నాయి. బజారు దారి ఒకచోట కొట్టుకుపోయింది, మనిషి ఒంటరిగా పాక్కుంటూ పోవచ్చు గాని బుట్ట మోసుకుని పోలేడు. చెప్పిన రోజు కంటే ముందే, ఒక మధ్యాహ్నం, బుద్ధిమాన్ మోకాళ్ళ దాకా బురదతో ఎగువకి పరుగెత్తుకొచ్చాడు. దారిలో ముందు తగిలేది సుంతలి ఇల్లు. సుంతలి గడపలో నిలబడే ఉంది. కొంగు నడుముకి దోపుకుంది కూడా.

"అత్తా," అన్నాడు ఆయాసపడుతూ, "చిన్నత్త ఇంట్లో ఉందా?"

నెత్తిమీద కుంపటి పెట్టినట్టయింది సుంతలికి. లేదని చెబుదామనుకుంది. అప్పటికే మెందో సంచి తగిలించుకుని బయటికి వచ్చేసింది.

ఇద్దరూ దిగారు. ముందు ఎవరు చేరాలన్నది ఎవరూ అనలేదు, కాని సుంతలి నడకలోనే తెలుస్తోంది. మెందో దారి వెంట దిగింది. సుంతలి దగ్గరదారని మళ్ళలోంచి పడింది. కొత్తగా నాటిన కోదు మళ్ళు, వాన నీళ్ళు, పైనుంచి కింది మడికి దూకడం. మూడో గట్టు దగ్గర కాలు జారింది. ఇక అక్కణ్ణుంచి నడవాల్సిన పని లేకపోయింది. అన్న ఇంటి పెరటి దాకా కొండే తీసుకొచ్చింది. గుమ్మడికాయ ఎలా దొర్లుతుందో ఆ రోజు తెలిసిందని తర్వాత తనే చెప్పింది. బురద బొమ్మలా గడప దగ్గరికి వచ్చేసరికి మెందో అప్పటికే అక్కడ ఉంది. చెంబుతో నీళ్ళూ సబ్బూ పట్టుకుని నిలబడింది.

"రా అక్కా, చేతులు కడుగుతా," అంది.

ఆ మాట ఈ పిల్ల నోటి నుంచే రావాలా అనిపించింది సుంతలికి. మోచేతుల దాకా రుద్దించుకుంది గాని మొహం చూడలేదు.

లోపల పొయ్యి పక్కన గడ్డి పరిచి చాప వేశారు. డోల్మా తలవైపు కూర్చుని చమేలి భుజాలు పట్టుకుంది. బుద్ధిమాన్ బయట చూరు కింద డోకో బుట్టకి పక్క కోస్తూ కూర్చున్నాడు, అవసరం పడితే కొండ చుట్టూ తిరిగైనా మోసుకుపోదామని. కాన్పు సుంతలే చేసింది. అందులో ఎవరూ వంక పెట్టలేరు. ఎప్పుడు ఊపిరి పట్టాలో, ఎప్పుడు వదలాలో కూతురికి చెవిలో చెప్పింది. వంతెన కథ కూడా మొదలుపెట్టింది. "అమ్మా, నన్ను నవ్వించకు, చచ్చిపోతా," అని చమేలి పళ్ళ బిగువున అంది. ఆ నొప్పికే బిడ్డ జారింది.

ఆడపిల్ల. గడ్డిమీద పడింది. ఏడవలేదు.

సుంతలి కళ్ళు అలవాటుగా కూతురి వైపే తిరిగాయి. కడుపు మీద చెయ్యి వేసి నొక్కి చూసి, లోపల ఇంకో బిడ్డ లేదంది. మెందో సంచిలోంచి రక్తం ఆగే మాత్రలు తీసి చమేలి నోట్లో వేసింది. మాయ పడలేదు. రక్తం మాత్రం పోతోంది. సుంతలి రెండు చేతులూ కడుపు మీద బిగించింది. మెందో పొడిగుడ్డ పరిచి, బిడ్డ పక్కకి జరిగి, చేతులు చాచి ఆగిపోయింది. సుంతలి మోచెయ్యి అడ్డం ఉంది.

"మాయ పడనీ," అంది సుంతలి.

డోల్మా కూడా అదే అంది, పడనీ అని. మెందో చేతులు వెనక్కి తీయలేదు, ముందుకూ జరపలేదు.

"అక్కా," అంది చాలా నెమ్మదిగా, "మా పాప కూడా ఇలాగే కాచుకుంది."

సుంతలి చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. పిల్ల పెదాలు కాఫల్ పండు తిన్నట్టు నల్లబడుతున్నాయి. ఒళ్ళంతా తడి. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. అచ్చం అలాగే. ఇప్పుడు తనే ఎత్తచ్చు. పద్ధతి తప్పినా తన మనవరాలు, తన పుట్టిల్లు, ఎవరేమంటారు? ఎత్తిన చెయ్యి తనదవుతుంది. కాని కూతురి కడుపు మీంచి చెయ్యి తీస్తే ఆ వెచ్చని ధార ఎక్కువవుతోంది. తీసి చూసింది ఒకసారి. మళ్ళీ వెంటనే అదిమింది. వంతెన మీద మొలిచిన మూడో చెయ్యి ఈ పూట రాలేదు. ఉన్నవి రెండే, రెండూ చమేలి దగ్గర ఇరుక్కున్నాయి.

మోచెయ్యి పక్కకి తీసింది.

"తియ్యవే పిల్లా," అంది గొంతు చించుకుని. "సంతలో గాజుల కొట్టు చూసినట్టు చూస్తావేం? ఎత్తు."

మెందో ఎత్తింది. గుడ్డలో పెట్టి తల నుంచి కాళ్ళ దాకా తుడిచింది, వీపు రుద్దింది, తడిగుడ్డ పారేసి ఇంకో గుడ్డ చుట్టి మళ్ళీ రుద్దింది. డోల్మా బుద్ధుడి పేరు జపిస్తోంది. సుంతలి కూతురి కడుపు మీంచి చెయ్యి తీయకుండా, మెడ ఒక్కటి అటు తిప్పింది. పిల్ల ఒకసారి తుమ్మింది. తర్వాత కొండ ఆ చివర పని చేసుకుంటున్నవాళ్ళు నాట్లు ఆపి ఇటు తిరిగేంతగా ఏడ్చింది. ఈ చివరి మాట సుంతలి చెప్పినది కాదు, నాట్లు వేస్తున్నవాళ్ళే చెప్పారు.

సుంతలికి ఒళ్ళంతా చల్లబడ్డట్టయింది. మరుక్షణం ఆ చల్లదనంలోనే మళ్ళీ మంట లేచింది. పిల్ల మొదటి ఏడుపు మెందో ఛాతీ మీద ఏడ్చింది. కళ్ళు తెరిచి మొదట చూసింది మెందో మొహం. తన మనవరాలు.

మెందో బొడ్డు కట్టి, కొత్త బ్లేడుతో కోసి, మందు రాసి, పిల్లని తెచ్చి చమేలి రొమ్ముకి ఆనించింది. పిల్ల వెతుక్కుని వెతుక్కుని పట్టుకుంది. రెండు గుక్కలు లాగిందో లేదో, సుంతలి చేతికింద కడుపు బంతిలా గట్టిపడింది. మాయ జారిపడింది.

బిడ్డ మాయ కోసం ఆగాలని మావాళ్ళు తరతరాలుగా బిడ్డల్ని గడ్డిమీద ఆపారు. మాయేమో బిడ్డ రొమ్ము పట్టేదాకా ఆగుదామని కూర్చుందేమో. అలా ఒకరి కోసం ఒకరిని కాయబెట్టారన్నమాట. సుంతలి చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. వాము కషాయం తాగమంటే కూడా తాగలేదు. బయట బుద్ధిమాన్‌కి డోకో అక్కర్లేదని చెప్పాక, సగం కోసిన ఆ బుట్ట ఏం చేసుకోవాలో తెలియక ఆడపిల్లకి ఉయ్యాల కడతానన్నాడు.

మూడో రోజుకి వాన వెలిసింది. లామా వచ్చాడు, కొండ ఎగువా దిగువా జనం వచ్చారు, కోడి ఉడుకుతోంది. సుంతలి రాకూడదనుకుంది. తలనొప్పని చెప్పి పడుకుంది. జనం నవ్వులు ఎగువ దాకా వినబడేసరికి, తను లేకుండా ఎవరి చేతులు ఎలా కడుగుతారో చూసి వద్దామని దిగింది. పొయ్యి దగ్గర కట్టెలు సర్దే పనేదో ఉన్నట్టు ఒక మూల కూర్చుంది. మెందో నీలం చీర కట్టుకుని వచ్చింది. ఆ రోజు ఆ చీర మరీ నీలంగా ఉందనిపించింది సుంతలికి, కావాలని ఎక్కడో అద్దించుకొచ్చినట్టు.

డోల్మా ఇత్తడి చెంబు పట్టుకుని ముంగిట్లోకి వచ్చింది. నేలమీంచి ఎత్తినావిడ ఎవరో ఆమెకి తెలుసు, తనే చూసింది. అయినా సుంతలి వైపు ఒక చూపు విసిరింది. ఆ చూపులో నలభై ఏళ్ళ ఎకసెక్కం ఉంది.

"మెందో, రా అమ్మా," అంది, అందరికీ వినబడేలా.

మెందో లేచింది. రెండడుగులు వేసి ఆగి, సంచి పక్క జేబులో వేళ్ళు పెట్టి ఏదో తీసింది. అటుకులు తప్ప ఏమీ ఉండవని సుంతలి ఊరంతా చెప్పిన ఆ సంచిలోంచే. అరచేతిలో పెట్టి డోల్మాకి చూపించింది. ముదురు ఎర్ర మొక్కజొన్న గింజ. కాఫల్‌డాండా మొత్తం మీద ఆ ఎర్ర రకం పండేది ఒక్క సుంతలి పెరట్లోనే. అది అందరికీ తెలుసు.

"నన్ను సేవికని చేసిన రోజు దొప్పలో గింజలు ఇంటికి తెచ్చుకున్నా వదినా," అంది మెందో. "అందులో ఇది ఉంది. ఆ రోజు ఒక్క గింజతోనే కదా గెలిచింది. మా పాప పోయాక ఆయుష్షు అంతేనంది గాని, అక్క నాతో ఇంకేమీ అనలేదు. నోటితో అనలేనిది ఇలా చెప్పిందనుకున్నా. ఇంకే పిల్లా గడ్డిమీద కాచుకోకూడదని తన చోటు నాకిచ్చిందనుకున్నా. చేతులు వణికినప్పుడల్లా దీన్ని తడిమి చూసుకుంటా. అక్క చేతులు కడగండి."

అందరూ సుంతలి వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆమె కోరుకున్నది అదే, కొండ మొత్తం తన వైపు చూడటం. ఇప్పుడు ఆ చూపుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేయని పనులకి చేశానని చెప్పుకోవడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. కాని ఆ పనులు తను కల్పించుకున్నవి. ఇది ఇంకొకరు కల్పించి, మూడేళ్ళు సంచిలో మోసి, తెచ్చి ఒళ్ళో పెట్టారు. మింగుడు పడలేదు.

"అదేం కాదు," అంది సుంతలి. "నేనెలాగూ గెలుస్తాననుకున్నా. మర్నాడు నీ భుజం తట్టి గొప్పలు పోదామని వేశా. ఓడిపోతానని తెలిస్తే వేసేదాన్నా? ఆ రాత్రి అన్నం కూడా తినలేదు."

డోల్మా పకపకా నవ్వింది. ఆ నవ్వు అంటుకుని ముంగిలంతా నవ్వింది. లామా కూడా మంత్రం మధ్యలో నవ్వాడు.

"వంతెన మీది మూడో చెయ్యిలాంటిదే ఇదీ," అన్నారెవరో.

"మంచి పని చేసి దాచుకోవడం కూడా చేతనయిందే మా ఆడపడుచుకి," అంది డోల్మా కళ్ళు తుడుచుకుంటూ.

సుంతలి ఒట్టు పెట్టుకుంది. తన కూతురి మీద, మనవరాలి మీద పెట్టుకుంది. ఎంత ఒట్టు పెట్టుకుంటే అంత నవ్వారు. జీవితంలో ఆమె చెప్పిన నిజం అదొక్కటే అయ్యుంటుంది. కాఫల్‌డాండాలో ఎవరూ నమ్మనిదీ అదొక్కటే. నవ్వనిది మెందో ఒక్కతే. ఆమె సుంతలి మొహంలోకి చూస్తూ నిలబడింది. నమ్మిందో లేదో తెలియదు. గింజని మాత్రం పారేయలేదు, మళ్ళీ జేబులోనే పెట్టుకుంది.

"ఎవరో ఒకరు పట్టండమ్మా, నీళ్ళు చల్లారిపోతున్నాయి," అంది డోల్మా.

మెందో సుంతలి చెయ్యి పట్టి లేపింది. సుంతలి విదిలించుకోలేదు. చెంబు ముందు ఇద్దరూ కూర్చున్నారు. మెందో దోసిలి పట్టింది, అది కిందికి ఉంచింది. సుంతలి క్షణం కూడా ఆగకుండా తన దోసిలి దానిపైన పెట్టింది. నీళ్ళు ముందు తనకే తగలాలి కదా.

డోల్మా పోసింది. గోరువెచ్చని నీళ్ళు సుంతలి చేతుల మీద పడ్డాయి. పని చేసి చేసి ఆమె వేళ్ళ మధ్య సందులు పెద్దవయ్యాయి. ఒక్క చుక్క నిలవలేదు. అంతా జారి కిందనున్న మెందో దోసిట్లో నిండింది. చివర పోసిన ఆవనూనె రెండు చుక్కలు కూడా అక్కడికే చేరి, ఎండకి బంగారంలా తళతళలాడుతూ తేలాయి. సుంతలి వంగి చూసింది. పళ్ళు నూరింది.

చమేలి కూతురికి ఇప్పుడు నడక వచ్చింది, వాలు మీద రెండు కాళ్ళూ సమంగానే ఉన్నాయి. దారి తెగి కొండమీదే కాన్పు చేయాల్సి వస్తే ఇప్పుడు ఇద్దరూ వెళ్తారు. బిడ్డ జారగానే మెందో అందుకుంటుంది, గడ్డి పరవడం ఎవరికీ గుర్తే రాదు. సుంతలి తల్లిని పట్టుకుంటుంది. మూడో రోజున చేతులు కలిపే కడుగుతారు. ఆ మరుసటిసారి సుంతలి తెలివిగా తన దోసిలి కిందకి పెట్టింది. నీళ్ళన్నీ తనకే నిలిచాయి. మొదటి చుక్క మాత్రం మెందో చేతిమీద పడిందని, ఇంటికి వెళ్ళేదాకా దారి పొడుగునా సణుగుతూనే ఉంది. పక్కన నడుస్తున్న మెందో, "ఈసారి పక్కపక్కన పెడదాం అక్కా," అంది.

"అప్పుడు చెంబు ఎటు వంచుతారే?" అంది సుంతలి.